రెండున్నర నెలల పాపకి సుగరు, పొటాషియం ఛానల్ అయ్యుండొచ్చంటున్నారు, ఏటిది ఎవరికైనా తెలుసా

గుణుపురం_మేనమామ

అందరికీ నమస్కారం అండి. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే గానీ చదువంతా ఒడియా మీడియం, టైపింగులో తప్పులుంటే ఏటనుకోకండి. మా అక్క కూతురి గురించి అడుగుతున్నాను. పాపకి ఇప్పుడు రెండున్నర నెలలు దాటి పది రోజులు. నెలలు నిండే పుట్టింది గానీ బరువు 2 కిలోల 200 గ్రాములే, అంత తక్కువేటి అని అప్పుడే అనుకున్నాం. నెల దాటేక పాలు తెగ తాగీది, తాగిన అరగంటకే మళ్ళీ ఏడుపు, గుడ్డలు ఎన్ని మార్చినా తడిసిపోతా ఉండేవి, మా అత్త అయితే పాలు బాగా పడుతున్నాయిలే అని మురిసిపోయీది. ఓ రోజు పాప ఉచ్చ గుడ్డ పెరట్లో పడేస్తే గండుచీమలు పట్టేసేయి, అది చూసి కూడా మా బుర్రలకి తట్టలేదు చూడండి. తర్వాత రెండు రోజులకి పాప పాలు పట్టడం మానేసి, గుక్కలు గుక్కలుగా ఊపిరి తీస్తా కళ్ళు తేలేసింది, రాత్రికి రాత్రి బండి మాట్లాడుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తేం. అక్కడ మీటర్లో నంబరు పడలేదు, హై అని పడింది. ల్యాబ్‌లో చూస్తే 620.

ఆరు రోజులు ఐసీయూలో పెట్టేరు. ఇన్సులిన్ ఎక్కించేరు, మధ్యలో పొటాషియం పడిపోతంది అని సీసాలో పొటాషియం కలిపి ఎక్కించేరు. డిశ్చార్జి కాగితంలో టైప్ 1 అని రాసి జీవితాంతం ఇంజెక్షన్లే అన్నారు. బయల్దేరతంటే ఒక చిన్న డాక్టరమ్మ పక్కకి పిలిచి, ఆరు నెలల లోపు వచ్చింది కాబట్టి పొటాషియం ఛానల్ జీన్ తేడా అయ్యుండొచ్చు, టెస్ట్ చేయించుకోండి, అదే అయితే మాత్రతో సరిపోతుందేమో అని చెప్పింది. పెద్ద డాక్టరుగారిని అడుగుదామంటే ఆయన లేరు.

నా డౌట్లు ఏటంటే, పొటాషియం అంటే అరటిపండ్లలో, కొబ్బరినీళ్ళలో ఉండేదే కదా, అక్క కడుపుతో ఉన్నప్పుడు తినకపోవడం వల్ల వచ్చిందా? ఆసుపత్రిలో పొటాషియం ఎక్కించేరు కదా అది చాల్లేదా? జీన్ అంటే వంశం అంటారు, మా రెండువైపులా చిన్నప్పుడు సుగరొచ్చినవాళ్ళు ఒక్కరు లేరు, తాతకి అరవై దాటేక వచ్చింది అంతే. ఇంకోటి, అక్కది మేనరికం, మా మేనత్త కొడుకునే చేసుకుంది. అత్త ఆ రోజునుంచి సరిగ్గా తిండి తినట్లేదు, నేను పట్టుబట్టి చేసేను ఈ పెళ్ళి, నా వల్లే పిల్లకిలాగయింది అని గోడకి తల కొట్టుకుంటంది. ఆవిడికి ఏం చెప్పాలో కూడా తెలీట్లేదు.

కొరాపుట్_కుర్రాడు

బ్రో టెన్షన్ పడకు. మా ఊళ్ళో సంతలో పొడపత్రి ఆకు అమ్ముతారు, నమిలితే పంచదార తీపి కూడా తెలీదు, సుగరు దెబ్బకి దిగిపోద్ది. పాపకి నమలడం రాదు కాబట్టి రసం తీసి రెండు చుక్కలు వేయండి, ఇన్సులిన్ అలవాటు చేస్తే ఇక వదలదు.

రాయగడ_సిస్టర్

పైన పొడపత్రి రాసిన తమ్ముడూ, నీ మంచి మనసు నీ దగ్గరే ఉంచుకో, ఆ రెండు చుక్కలు మాత్రం పోయొద్దు. రెండున్నర నెలల పిల్లకి తల్లిపాలు, డాక్టరు రాసిన మందు తప్ప నోట్లో ఏదీ పడకూడదు. ఇన్సులిన్ అలవాటు అనేది పెద్ద అబద్ధం, అది లేకపోతే ఆ పిల్ల రెండు రోజుల్లో మళ్ళీ ఐసీయూలో ఉంటుంది.

మేనమామ గారూ, మాది రాయగడే, పదకొండేళ్ళుగా విశాఖపట్నంలో పిల్లల వార్డులో చేస్తన్నాను. ఆ చిన్న డాక్టరమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు, ఆవిడకి దండం పెట్టుకోండి. ఆరు నెలల లోపు సుగరొస్తే దాన్ని టైప్ 1 అని రాసేసి వదిలేయకూడదు. టైప్ 1 అంటే ఒంట్లో రక్షణ కణాలు దారితప్పి ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని తినేయడం, అది అంత చిన్న వయసులో చాలా అరుదు. ఆ వయసులో వచ్చేది ఎక్కువగా ఒకే ఒక్క జీన్ తేడా వల్ల. సుమారు లక్ష కాన్పుల్లో ఒకటి ఉంటుందని చెప్తారు, అందుకని చాలా ఆసుపత్రుల్లో డాక్టర్లు జన్మలో ఒక్క కేసు కూడా చూసుండరు, వాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం.

ఆసుపత్రిలో పొటాషియం ఎందుకు ఎక్కించేరంటే, ఇన్సులిన్ ఇవ్వగానే అది రక్తంలో పొటాషియాన్ని కణాల లోపలికి తోసేస్తుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతే గుండెకి ప్రమాదం, అందుకని గంట గంటకీ చూసుకుంటా కలుపుతారు. అది వేరు, ఈ ఛానల్ వేరు. ఛానల్ సంగతి నాకన్నా మాస్టారు ఎవరైనా బాగా చెప్తారు, నేను ఇంటి పని చెప్తాను.

రిపోర్టు వచ్చేదాకా ఒక్క డోసు కూడా మానొద్దు. వాయిల్ మీద 40 అని ఉందా 100 అని ఉందా చూడండి, 40కి ఎర్ర టోపీ సిరంజి, 100కి నారింజ టోపీ సిరంజి, అవి కలగాపులగం అయితే డోసు రెండున్నర రెట్లు మారిపోద్ది. అంత చిన్నపిల్లకి అర యూనిట్, పావు యూనిట్ అంటారు, సిరంజిలో అది కొలవలేం, మీకు ఆసుపత్రిలోనే పల్చగా కలిపి ఇచ్చుంటారు, ఆ సీసా మీద తేదీ ఏదో, ఎన్నాళ్ళు వాడొచ్చో రాయించుకోండి, ఇంట్లో మీరు సొంతంగా కలపొద్దు. కరెంటు పోతా ఉంటే తడి ఇసకలో కుండ పెట్టి అందులో డబ్బాలో పెట్టుకోండి, ఫ్రిజ్‌లో ఐస్ పక్కన మాత్రం పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే. మీటర్లో 70 కిందకి వస్తే, లేదా పాప చెమటలు పట్టి సోలిపోతే వెంటనే పాలు పట్టి డాక్టరుకి ఫోను.

కిమిడి_మాస్టారు

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను, ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. డాక్టరుని కాను, వైద్యం చెప్పను, ఛానల్ అంటే ఏమిటో చెప్తాను.

అరటిపండు గొడవ ముందు వదిలేయండి. మీ అక్క రోజుకో గెల తిన్నా తినకపోయినా ఇది ఇలాగే ఉండేది. మన ఒంట్లో ప్రతి కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట తక్కువ. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల గోడకి పొటాషియం మాత్రమే పట్టే సన్నటి తూములుంటాయి, ఛానల్ అంటే అదే. చెరువు తూము ఎత్తి ఉంచితే చెరువు నిండదు కదా, అలాగ మనం పరగడుపున ఉన్నప్పుడు ఈ తూములు తెరిచి ఉంటాయి, పొటాషియం బయటికి కారుతూ తనతో పాటు పాజిటివ్ ఛార్జిని పట్టుకుపోతుంది, కణం లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిద్రపోతూ ఉంటుంది. ఇన్సులిన్ బయటికి రాదు, రాకూడదు కూడా, అప్పుడు వస్తే సుగరు పడిపోతుంది.

అన్నం తిన్నాం, గ్లూకోజు కణంలోకి వెళ్ళింది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైము దాన్ని పట్టి పొయ్యిలోకి తోస్తుంది, అది మండి ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి సరుకు, తయారవుతుంది. ఆ ఏటీపీ వెళ్ళి తూము మీద కూర్చుంటే తూము మూసుకుంటుంది. కారడం ఆగింది కాబట్టి లోపల ఛార్జి పెరుగుతుంది, పెరిగితే వేరే తలుపులు, కాల్షియం తలుపులు, తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, గోడ పక్కన మూటలు కట్టి సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ బయటపడుతుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. అంటే ఒంట్లో సుగరు ఎంతుందో కొలిచే మీటరు ఈ తూమే అన్నమాట, అందుకే దాన్ని ఏటీపీ పొటాషియం ఛానల్ అంటారు.

ఈ తూము ఎనిమిది ముక్కల కట్టడం. మధ్యలో నాలుగు ముక్కలు అసలు రంధ్రం, దాని పేరు కిర్6.2, చుట్టూ నాలుగు ముక్కలు కాపలా, దాని పేరు సర్1. మొదటిదాన్ని తయారుచేసే జీన్ కేసీఎన్‌జే11, రెండోదాన్ని తయారుచేసేది ఏబీసీసీ8, రెండూ 11వ క్రోమోజోము మీద పక్కపక్క ఇళ్ళే. మీ పాప లాంటి పిల్లల్లో చాలామందికి ఈ రెండింటిలో ఒకదానిలో ఒక్క అక్షరం మారి ఉంటుంది. మారితే ఏమవుతుందంటే ఏటీపీ వచ్చి కూర్చున్నా తూము సరిగ్గా మూసుకోదు, పొటాషియం కారుతూనే ఉంటుంది, కాల్షియం తలుపు తెరుచుకోదు. కణం బతికే ఉంది, ఇన్సులిన్ లోపల తయారై ఉంది, బయటికి రాదు. కొట్లో ధాన్యం నిండుగా ఉండి తాళం పడిపోయినట్టు. టైప్ 1లో అయితే కొట్టే కాలిపోయి ఉంటుంది. అందుకే ఈ పిల్లల్లో సి పెప్టైడ్ పరీక్ష, అంటే ఒళ్ళు సొంతంగా ఎంత ఇన్సులిన్ వదులుతోందో చూసేది, చేస్తే తక్కువే వస్తుంది, అది చూసి కణాలు చచ్చిపోయాయి అనుకోకూడదు.

ఇప్పుడు మాత్ర సంగతి. మన ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు మింగే గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమిపెరైడ్ మాత్రలున్నాయి కదా, అవి సల్ఫోనైలూరియాలు. అవి సర్1 అనే కాపలావాడిని పట్టుకుని, ఏటీపీతో పని లేకుండా తూము మూయించేస్తాయి. దీని చరిత్ర నాకు చాలా ఇష్టం, క్లాసులో ఇది చెప్తే వెనక బెంచీ కూడా లేచి కూర్చునేది. 1942లో ఫ్రాన్సులో మోంపెలియే ఊళ్ళో మార్సెల్ జాన్‌బోన్ అనే డాక్టరు టైఫాయిడ్‌కి ఒక కొత్త సల్ఫా మందు ఇస్తుంటే రోగులకి సుగరు పడిపోయి ఫిట్సు వచ్చాయి, ఆ ప్రమాదంలోంచి లూబతియేర్ అనే ఆయన సుగరు మందు బయటికి తీశాడు. 1950ల్లోనే మాత్రలు మార్కెట్లోకి వచ్చేశాయి, అవి ఏ తాళాన్ని తిప్పుతున్నాయో మాత్రం ఎవరికీ తెలీదు. 1983లో జపాన్ శాస్త్రవేత్త నోమా గుండె కణాల్లో ఈ ఛానల్ చూశాడు, మరుసటేడు ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సిస్ ఆష్‌క్రాఫ్ట్ వాళ్ళు బీటా కణంలో గ్లూకోజు పడితే ఈ ఛానల్ మూసుకుంటుందని చూపించారు. జీన్లు దొరికింది 1995లో. పిల్లల్లో ఆ జీన్ తేడా వల్లే పుట్టగానే సుగరు వస్తోందని ఎక్సెటర్‌లో ఆండ్రూ హాటర్స్‌లీ బృందం చెప్పింది 2004లో. మందు ముందు, తాళం తర్వాత, ఆ మధ్యలో పిల్లలందరూ ఇంజెక్షన్ల మీద బతికారు.

2006లో ఆ బృందమే కేసీఎన్‌జే11 తేడా ఉన్న 49 మందికి ఇన్సులిన్ బదులు మాత్ర ఇచ్చి చూస్తే 44 మందికి ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయింది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు సుగరు చూపే పరీక్ష) సగటున 8.1 నుంచి 6.4కి దిగింది. తర్వాత పదేళ్ళు వెంటపడి చూసిన 81 మందిలో 75 మంది ఇన్సులిన్ లేకుండా మాత్ర మీదే ఉన్నారు. ఒక డౌటు రావాలి ఇక్కడ, తూము ఎప్పుడూ మూసేస్తే ఎప్పుడూ ఇన్సులిన్ కారి సుగరు పడిపోదా అని. పెద్దవాళ్ళలో ఆ భయం ఉంది. ఈ పిల్లల్లో తక్కువ, ఎందుకంటే తిండి తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ1 లాంటి హార్మోన్లు వచ్చి ఇన్సులిన్‌ని పెంచే దారి ఇంకోటి ఉంది, తలుపు కాస్త తెరిస్తే చాలు, ఆ దారి తిండిని బట్టి ఎక్కువా తక్కువా చూసుకుంటుంది.

రిపోర్టు రాకుండా మాత్ర మాత్రం వేయొద్దు. అన్ని జీన్లకీ ఇది పనిచేయదు. ఇన్సులిన్ జీన్‌లోనే తేడా ఉంటే కణమే దెబ్బతింటుంది, మాత్ర ఏం చేయలేదు. 6వ క్రోమోజోము తేడా అయితే కొన్ని వారాలకో నెలలకో సుగరు దానంతటదే పోయి, చాలామందికి మళ్ళీ పెద్దయ్యాక తిరిగొస్తుంది.

గుణుపురం_మేనమామ

మాస్టారూ దండాలు. ధాన్యం కొట్టు తాళం అన్నారు చూడండి, అది అక్కకి చదివి వినిపించేను, మొదటిసారి నవ్వింది. సిస్టర్ గారూ, మాది 40 వాయిలే, కలిపిన సీసా మీద తేదీ లేదు, ఫోన్ చేసి అడిగితే కొత్తది కలిపి ఇస్తాం రమ్మన్నారు. ఈ టెస్టు ఎక్కడ చేస్తారండీ? మరి అత్తకి మేనరికం సంగతి ఏటని చెప్పాలి?

కిమిడి_మాస్టారు

మేనరికం గురించి అబద్ధం చెప్పను. కొన్ని రకాలకి తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఒకే తేడా దాగి ఉండి అవి రెండూ పిల్ల దగ్గర కలవాలి, ఏబీసీసీ8లో కొన్నీ, ఎముకలూ లివరూ కూడా దెబ్బతినే వోల్కాట్ రాలిసన్ అనే అరుదైన జబ్బూ అలాంటివే, అక్కడ రక్తసంబంధం పెళ్ళి లెక్కలోకి వస్తుంది. కేసీఎన్‌జే11 అలా కాదు, ఒక్క కాపీ మారితే చాలు, పైగా ఎక్కువమంది పిల్లల్లో అది తల్లి దగ్గర్నుంచీ తండ్రి దగ్గర్నుంచీ రాదు, గర్భం పడేటప్పుడే కొత్తగా మారుతుంది. పక్కూరి సంబంధం చేసినా, సముద్రం అవతలి సంబంధం చేసినా రావొచ్చు. ఏదో తెలియాలంటే పాపతో పాటు అమ్మానాన్నల రక్తం కూడా పంపాలి. రిపోర్టు వచ్చేదాకా మీ మేనత్తగారిని ఎవరూ ఏమీ అనొద్దు, ఆవిడని ఆవిడ కూడా.

చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు ఈ జీన్ పరీక్షలు చేస్తారు. ఎక్సెటర్ ల్యాబు కూడా చిన్నపిల్లల సుగరుకి బయటి దేశాల శాంపిళ్ళు ఉచితంగా చూస్తూ వచ్చింది. మీరు నేరుగా పంపేది కాదు, మీ పిల్లల డాక్టరుగారు ఫారం నింపి పంపాలి.

జయపురం_అమ్మ

నేను ఇక్కడ చదవడమే గానీ రాయను, ఇది చూసి ఆగలేకపోయాను. మా బాబుకి మూడో నెలలో వచ్చింది, ఇప్పుడు వాడికి ఏడేళ్ళు. మాకూ టైప్ 1 అనే రాసిచ్చారు, ఏ ఆసుపత్రో చెప్పను, వాళ్ళు వాడి ప్రాణం నిలబెట్టారు. రెండేళ్ళు రోజుకి నాలుగు పోట్లు పొడిచాను నా చేత్తో. వాడు నన్ను చూస్తేనే ఏడ్చేవాడు, వాళ్ళ నాన్న దగ్గరికి పారిపోయేవాడు, తల్లిని చూసి పిల్లాడు పారిపోవడం ఎలా ఉంటుందో మీ అక్కకి నేను చెప్పక్కర్లేదు. రెండేళ్ళ తర్వాత వేరే పని మీద విశాఖ వెళ్తే ఒక డాక్టరుగారు ఫైలు తిరగేసి ఒకే ప్రశ్న అడిగారు, ఎన్నో నెలలో వచ్చిందమ్మా అని. అంతే, శాంపిల్ పంపారు, కేసీఎన్‌జే11.

మాత్రకి మార్చడం అంటే ఇంట్లో కూర్చుని మార్చేసేది కాదండీ, వారం పైన వార్డులో ఉన్నాం, మాత్ర పెంచుతూ ఇన్సులిన్ తగ్గిస్తూ, రోజుకి పది పన్నెండుసార్లు వేలు పొడిచి చూసేవారు. మొదటి నాలుగు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, భయపడిపోయాను, అవి కొంతమందికి వస్తాయి తగ్గిపోతాయన్నారు, తగ్గాయి. బరువుని బట్టి చూస్తే మా నాన్న మింగే డోసుకన్నా వీడి డోసే ఎక్కువ, మెడికల్ షాపులో ప్రతిసారీ చీటీ రెండుసార్లు చదువుతారు. ముందు పళ్ళ మీద కాస్త గోధుమరంగు మచ్చలొచ్చాయి, అది కూడా ఈ మందుతో కొందరు పిల్లల్లో చూసిందేనట, సుగరు ముందు అది నాకు లెక్క కాదు.

మాది అన్నీ పూలబాట కాదు, అదీ చెప్పాలి. ఈ తూములు మెదడులో, నరాల్లో కూడా ఉంటాయట, మార్పు గట్టిదయితే నడక, మాట ఆలస్యం అవుతాయి, కొందరికి ఫిట్సు కూడా. మా వాడు రెండేళ్ళకి గానీ నడవలేదు, ఇప్పటికీ ఒకచోట కుదురుగా కూర్చోడు, లెక్కలంటే పారిపోతాడు. మాత్ర ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిదని డాక్టరుగారు చెప్పినప్పుడు ఆ రెండేళ్ళు తలుచుకుని ఏడ్చాను. అందుకే చెప్తున్నాను, వచ్చే నెల చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం అనొద్దు, రేపే వెళ్ళండి.

బరంపురం_34

మాటల మధ్యలో దూరుతున్నాను క్షమించాలి. నాకు 34, సన్నగానే ఉంటాను, 23 ఏళ్ళకే సుగరు. నాన్నకి 26కి, నానమ్మకి కూడా వయసులోనే. డాక్టరు గ్లిమిపెరైడ్ 1 మి.గ్రా. ఇస్తే మధ్యాహ్నానికి చేతులు వణికి చెమటలు, అర మాత్ర చేస్తే సరిపోయింది. మాకూ ఈ పొటాషియం ఛానలేనా? ఇంకోటి, చిన్నపిల్లలకి హెచ్‌బీఏ1సీ చేస్తారా?

కిమిడి_మాస్టారు

మీ కథ వింటే నాకు ఛానల్ కన్నా మోడీ గుర్తొస్తోంది, పేరు విని నవ్వకండి, పాతికేళ్ళ లోపు మొదలై తరం తరానికీ దిగే ఒక్క జీన్ సుగరుకి డాక్టర్లు పెట్టిన పేరు అది. అందులో హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అనే జీన్ తేడా ఉన్నవాళ్ళు ఈ సల్ఫోనైలూరియాలకి విపరీతంగా లొంగుతారు, కొద్దిపాటి డోసుకే సుగరు పడిపోవడం దాని గుర్తుల్లో ఒకటి, రక్తంలో మరీ ఎక్కువ లేకుండానే ఉచ్చలో సుగరు కనిపించడం ఇంకోటి. పిల్లలకి దిగే అవకాశం సగానికి సగం. అలాగని ఇది అదే అని నేను చెప్పకూడదు, మీ డాక్టరుతో మూడు తరాల వయసులూ రాసి చూపించి మాట్లాడండి. గ్లూకోకైనేజ్ తేడా ఉన్న మోడీ కూడా ఉంది, దాంట్లో పరగడుపు సుగరు కాస్త ఎక్కువగా ఉండి అలాగే ఉండిపోతుంది, మామూలుగా మందే అక్కర్లేదు.

మామూలు టైప్ 2కీ ఈ ఛానల్‌కీ కూడా చుట్టరికం ఉంది గానీ దూరపు చుట్టరికం. కేసీఎన్‌జే11లోనే 23వ చోట చిన్న తేడా, ఈ23కే అంటారు, లోకంలో చాలామంది దగ్గర ఉంటుంది, దానివల్ల రిస్కు ఓ పదిహేను శాతం అటూ ఇటూ పెరుగుతుంది అంతే. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి, వాటిలో బలమైనది టీసీఎఫ్7ఎల్2, అది పొటాషియం ఛానలే కాదు. 2008లో జపాన్ వాళ్ళు కేసీఎన్‌క్యూ1 అనే వేరే పొటాషియం ఛానల్ జీన్ని టైప్ 2తో ముడిపెట్టారు. ఇవి వెతికించుకుంటూ డబ్బులు తగలేయకండి, పొట్ట తగ్గించుకుంటే అంతకన్నా లాభం.

హెచ్‌బీఏ1సీ గురించి మంచి ప్రశ్న వేశారు. పసిపిల్లల రక్తంలో పిండదశ హిమోగ్లోబిన్ ఇంకా ఉంటుంది కాబట్టి అది నమ్మకం కాదు. మన కొరాపుట్, రాయగడ వైపూ, అటు గడ్చిరోలి వైపూ సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, ఉన్న కుటుంబాలు చాలా, వాళ్ళకి పెద్దయ్యాక కూడా ఆ అంకె తప్పు రావొచ్చు, వేలు పొడిచి చూసేదే నమ్మాలి.

రాయగడ_సిస్టర్

మాస్టారు సికిల్ అన్నారు, నేను ఇంకోటి కలుపుతాను. ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకి ఈ సల్ఫోనైలూరియాలతో ఎర్రకణాలు పగిలే రిస్కు ఉందని మందు కాగితంలోనే ఉంటుంది. మన ప్రాంతంలో ఆ లోపం కూడా తక్కువేం కాదు. పాపకి మాత్ర మొదలెట్టే ముందు సికిల్, జీ6పీడీ రెండూ చూశారా అని అడగండి మేనమామ గారూ, అడిగితే ఏమీ అనుకోరు.

గుణుపురం_మేనమామ

ఆరు వారాల తర్వాత రాస్తన్నాను, ఆలస్యానికి తిట్టుకోకండి. జయపురం అమ్మగారి మెసేజ్ చదివిన మర్నాడే తెల్లారగట్ల బయల్దేరేం. ముగ్గురి రక్తం తీసుకున్నారు. రిపోర్టు మొన్న వచ్చింది, కేసీఎన్‌జే11, 201వ చోట ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది హిస్టిడిన్ ఉందట. అక్కకి లేదు, బావకి లేదు. మాస్టారు చెప్పినట్టు కొత్తగా పుట్టిన మార్పే. ఇది మాత్రకి లొంగే రకమే అని డాక్టరుగారు చెప్పేరు. జీ6పీడీ నార్మల్, సికిల్ లేదు, మీరు చెప్పకపోతే మేం అడిగుండం సిస్టర్ గారూ.

అత్తకి రిపోర్టు చూపించేను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, తెలుగూ చదవలేదు, అయినా కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అక్క పేరు ఎక్కడ బావ పేరు ఎక్కడ అని వేలు పెట్టి చూపించమంది. రెండుచోట్లా లేదు అని రాసింది చదివేను. ఏం మాట్లాడలేదు. లోపలికెళ్ళి చోడి అంబలి కలుపుకుని తాగింది, ఉల్లిపాయ కూడా అడిగింది.

సోమవారం అడ్మిట్ అవుతున్నాం. ఒక్క డౌటు, పాపకి ఇంకా పాలే కదా, మాత్ర ఎలగ పడతారు? నూరి పాలసీసాలో కలిపేయమని పక్కింటావిడ అంటంది.

రాయగడ_సిస్టర్

సంతోషం తమ్ముడూ. పాలసీసాలో కలపకండి, పాప సగం తాగి వదిలేస్తే డోసు ఎంత లోపలికెళ్ళిందో దేవుడికే తెలియాలి. వార్డులో మాత్రని మెత్తగా నూరి కొలిచిన నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజితో అందులోంచి కొలత ప్రకారం తీసి బుగ్గ పక్కన మెల్లగా పోస్తారు, తర్వాత పాలు. ఆ మందు అడుక్కి దిగిపోతుంది కాబట్టి తీసే ప్రతిసారీ బాగా కదపాలి. డిశ్చార్జి ముందు మీ అక్క చేత రెండుసార్లు, మీ అత్తగారి చేత రెండుసార్లు నర్సు ముందు చేయించండి, ఇంట్లో పాపని ఎక్కువ ఎత్తుకునేది ఆవిడే అయ్యుంటారు.

జయపురం_అమ్మ

మొదటి నాలుగు రోజులు విరేచనాలైతే భయపడకండి, గుడ్డలు ఎక్కువ పట్టుకెళ్ళండి. సోమవారం రాత్రి ఎంత చూపించిందో రాయండి, ఎదురుచూస్తుంటాను.